నిద్రలో ఊపిన తల

నిద్ర ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లు చెప్తారు. ఎక్కడ పడితే అక్కడ పోకూడదని మాత్రం చెప్పరు. ఆ ఒక్క ముక్కా ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు ఈ వ్యాసం రాసే పని తప్పి ఉండేది.

2022 జూన్ నెల. మా చర్చి కమిటీ మీటింగు. గోడలకి సున్నం, మైకు సెట్టు రిపేరు, వాచ్‌మన్ జీతం వగైరాలన్నీ తేలాక చిట్టచివర ‘యువజన కూడిక’ అనే అంశం మిగిలింది. మధ్యాహ్నం మూడు గంటల వేళ. పైన ఫ్యాను తిరుగుతోంది గాని గాలి దాని దగ్గరే ఉండిపోతోంది. “పదో క్లాసూ, ఇంటరూ చదివే పిల్లలు గుడికి రావడం తగ్గించేశారు. ఆదివారం సాయంత్రాలు వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పే మనిషి కావాలి. మాస్టారూ, మీరు చూసుకుంటారు కదూ?” అని పాస్టరు గారు అడిగారట. నేను తల ఊపానట.

‘ట’ అని ఎందుకంటున్నానంటే, తూగే తల ఎటు తూగుతుందో ఆ తల గలవాడికి తెలియదు కదా! చప్పట్లకి మెలకువ వచ్చింది. నేనూ కొట్టాను. అవి నాకోసమేనని ఇంటికొచ్చేదాకా తెలియలేదు.

లెక్కల మాస్టారుగా ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసి, 2018లో రిటైరైనవాణ్ణి. పిల్లలంటే నాకు భయంలేదు. పిల్లలకే నేనంటే భయం. అంచేత ‘ఇదెంత పని!’ అనుకున్నాను. వారమంతా కూర్చుని, ‘యౌవనము – దాని బాధ్యతలు’ అని తొమ్మిది పేజీల నోట్సు తయారుచేశాను. సండే స్కూలు గదిలో బల్లలు వరసగా వేయించి, నల్లబల్ల తుడిపించి, సుద్దముక్క విరిచి చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

పద్నాలుగుమంది వచ్చారు. “వందనాలంకుల్” అన్నారు. ముప్ఫై ఏళ్ళు ‘సార్’ అనిపించుకున్న చెవికి ఆ ‘అంకుల్’ కొంచెం గుచ్చుకుంది. అయినా సర్దుకుని హాజరు వేశాను. అవునండీ, హాజరే! అలవాటు. ఆపైన గంటన్నర మాట్లాడాను. మధ్యలో మూడుసార్లు ‘అర్థమైందా?’ అని అడిగాను. మూడుసార్లూ అర్థమైందన్నారు. నా సర్వీసులో నేర్చుకున్నదేమిటంటే, క్లాసంతా ఒక్క గొంతుతో అర్థమైందంటే ఎవరికీ ఏమీ అర్థం కాలేదని. ఆ సంగతి ఆ రోజు ఎందుకో గుర్తు రాలేదు.

రెండో ఆదివారం తొమ్మిదిమంది. మూడో ఆదివారం ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు వాన వస్తోందని లోపలికి వచ్చినవాళ్ళు. మూడోవాడు డోలక్ వాయించే కుర్రాడు. డోలక్ తడిసిపోతుందని వచ్చాడు.

ఇంటికి వచ్చి ముఖం వేలాడేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిచ్చి, “పౌలంతటివాడు ప్రసంగం చేస్తుంటేనే ఐతుకు కిటికీలోంచి పడిపోయాడు. మీరెంత?” అంది.

ఐతుకు కథ బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో, ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. త్రోయ అనే ఊళ్ళో, మేడగదిలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతున్నాడు. గదినిండా దీపాలు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడికి నిద్ర ముంచుకొచ్చి, మూడో అంతస్తునుంచి కిందపడ్డాడు. పోయాడనుకున్నారు. పౌలు దిగివెళ్ళి వాణ్ణి కౌగలించుకుని, ప్రాణం ఉందని చెప్పాడు. కమిటీ మీటింగులో నిద్రపోయిన నాకు ఐతుకు మీద మొదటినుంచీ జాలే గాని, కథలో ఒక ముక్క మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు. మా ఆవిడే ఎత్తి చూపింది.

“పడిపోయిన పిల్లాణ్ణి పౌలు పైనుంచి కేకేసి లేవమన్లేదండీ. ప్రసంగం ఆపి, మెట్లు దిగి వెళ్ళాడు. మీరు దిగండి ముందు. వచ్చేవారం పాఠం వద్దు. నేను పకోడీలు వేస్తాను.”

నాలుగో ఆదివారం కూడిక మా ఇంటి అరుగుమీదికి మారింది. పకోడీల వాసనకి ఆరుగురొచ్చారు. ఆరుగురూ వెళ్ళి మిగతావాళ్ళకి చెప్పారు. ఆ పై వారానికి రెండు కిలోల ఉల్లిపాయలు అయిపోయాయి.

ఇది కొత్త సంగతేమీ కాదని తరవాత చదివితే తెలిసింది. ఇంగ్లండులో గ్లోస్టర్ పట్నంలో పత్రిక నడిపే రాబర్ట్ రైక్స్ 1780లో సండే స్కూలు పెట్టింది, వారమంతా పనిచేసి ఆదివారంనాడు వీధుల్లో తిరిగే పేదపిల్లలకి నాలుగక్షరాలు నేర్పడానికి. పిల్లలకి తీరిక దొరికే రోజు చూసుకుని బడిని అటు జరిపాడు గాని, పిల్లల్ని జరగమనలేదు. అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు 1881 ఫిబ్రవరి 2న తన ఇంటికే కుర్రకారుని పిలిచి ‘క్రిస్టియన్ ఎండీవర్’ అనే సంఘం మొదలుపెట్టాడు. దేశదేశాలకీ పాకిన ఆ సంఘంలో కిటుకల్లా ఒకటే: పెద్దలు చేసి పెట్టడం కాదు, పనులు పంచి పిల్లలచేతే చేయించడం. ఆయన సతీమణి ఆ సాయంత్రం ఏం వేయించి పెట్టిందో గాని, మా ఆవిడలాంటి ఇల్లాలే అయి ఉంటుంది.

అంత దూరమెందుకు, మా బందరులోనే చూడండి. 1841లో ఓడ దిగిన రాబర్ట్ నోబుల్ 1843లో ఇక్కడ బడి పెట్టి, 1865లో కన్నుమూసేదాకా కుర్రవాళ్ళ మధ్యనే బతికాడు. ఇరవైరెండేళ్ళు! నేను మూడు వారాలకే ముఖం వేలాడేశాను.

సరే, పాఠం మానేశాక ఏం చెయ్యాలి? కళ్ళజోడు పెట్టుకున్న ఇంటరమ్మాయి ఒకతె ఉంది. ఆ పిల్ల ఖాళీ హార్లిక్స్ సీసా ఒకటి తెచ్చి అరుగుమీద పెట్టింది. “అంకుల్, ఎవరికే డౌటున్నా చీటీమీద రాసి ఇందులో వేస్తాం. పేరు రాయం. మీరు చేతిరాత పోల్చుకోకూడదు” అంది. ఆఖరి షరతు లెక్కల మాస్టారుకి కష్టమే. అయినా ఒప్పుకున్నాను.

మొదటి వారం చీటీలు సరదాగానే ఉన్నాయి. ‘నోవహు ఓడలోకి దోమల్ని ఎందుకు ఎక్కించాడు?’ ‘సినిమా పాటకి కాలు ఊపితే పాపమా, పాడితేనే పాపమా?’ ‘ప్రసంగం ఎంతసేపుండాలని బైబిల్లో ఎక్కడైనా రాసి ఉందా?’ (ఇది పాస్టరు గారికి పంపాను. జవాబు రాలేదు.)

మూడోవారం ఒక చీటీ వచ్చింది. ‘మా నాన్న రోజూ తాగొచ్చి అమ్మని కొడతాడు. తండ్రిని సన్మానించాలని ఆజ్ఞ ఉంది కదా. నేనెలా సన్మానించాలి?’

చేతిరాత పోల్చుకోకూడదన్న మాట ఇచ్చినందుకు ఆ క్షణంలో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అరుగంతా నిశ్శబ్దం. ఎవరూ పకోడీ నమలడం లేదు. పదిమంది పిల్లలు నా ముఖంకేసే చూస్తున్నారు. నోటికి నాలుగైదు జవాబులు వచ్చాయి. అన్నీ తొమ్మిది పేజీల నోట్సులోంచి వచ్చినవే. అవి ఆ పిల్లాడికో పిల్లకో ఈ రాత్రి ఇంటికెళ్ళాక అక్కరకు రావని నాకు తెలుసు.

“నాకు తెలియదు” అన్నాను.

ముప్ఫై ఏళ్ళలో పిల్లల ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి. బోర్డుమీద లెక్క రాకపోతే ‘ఇది ఇంటిపని’ అనేవాణ్ణి. అది మాస్టర్లందరికీ తెలిసిన ఉపాయమే. “తెలియదు. కాని ఒకటి మాత్రం తెలుసు. అమ్మని కొడుతుంటే చూస్తూ ఊరుకోవడం సన్మానం కాదు. ఎవరు రాశారో నేనడగను. ఆ రాసినవాళ్ళు ఎప్పుడొచ్చినా, ఏ రాత్రయినా, మా తలుపు తీసి ఉంటుంది” అన్నాను.

ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. వారం తిరక్కుండా ఒక తల్లీ బిడ్డా రాత్రి పదింటికి మా ఇంటికొచ్చారు. ఆ సంగతి ఇంతకన్నా రాయను. ఆ ఇంటాయన దగ్గరికి పాస్టరు గారూ నేనూ చాలాసార్లు వెళ్ళామని మాత్రం చెప్తాను.

యేసు ప్రభువు పన్నెండేళ్ళప్పుడు యెరూషలేము దేవాలయంలో పెద్దల మధ్య కూర్చుని ప్రశ్నలడిగాడని లూకా సువార్తలో ఉంది. చిన్నప్పటినుంచీ ఆ కథ విన్నప్పుడల్లా ఆ పిల్లవాడి తెలివికి ఆశ్చర్యపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ పండితుల్ని తలుచుకుంటాను. తల్లిదండ్రులు వెతుక్కుంటూ వచ్చేసరికి మూడు రోజులైంది. ఒక పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి తమ మధ్య కూర్చోబెట్టుకుని, నువ్వెవడివిరా అడగడానికి అనకుండా వాళ్ళు విన్నారు చూశారూ, అదేమీ చిన్న విషయం కాదు.

డిసెంబరు వచ్చింది. క్యారల్స్‌కి వెళ్ళాలి. బజార్లో లైట్ల నక్షత్రాలు దొరుకుతాయి గాని, మా రోజుల్లోలాగా వెదురు బద్దలతో కట్టి రంగుకాగితం అతికించాల్సిందేనని పట్టుబట్టాను. నక్షత్రం కట్టారు. ఒక కొమ్ము వంకరపోయింది. నాలో లెక్కల మాస్టారు ఊరుకోడు కదా! “అయిదు కొమ్ముల కోణాలూ కలిపితే 180 డిగ్రీలుండాలి. ఒక్కోటీ 36...” అని మొదలెట్టాను.

డోలక్ కుర్రాడు దారం ముడివేస్తూ తలెత్తకుండానే, “జ్ఞానులు నక్షత్రం చూసుకుని నడిచారు గాని కొలుచుకుని నడవలేదంకుల్” అన్నాడు. అందరూ నవ్వారు. కొలబద్ద లోపల పెట్టేశాను.

ఆ వంకర నక్షత్రాన్నే పట్టుకుని నాలుగు రాత్రులు తిరిగాం. ఒక్క రాత్రిలో పదిహేడు టీలు తాగిన రికార్డు నాకింకా ఉంది. మాకన్నా ముందు వీధికుక్కలు క్యారల్స్ అందుకునేవి. చివరి రాత్రి ఒంటిగంటకి, రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఇంటికెళ్ళాం. పిల్లలంతా అమెరికాలో, ఆవిడొక్కతే ఉంటుంది. తలుపు తీయడానికే పావుగంట పట్టింది. పాట అయ్యాక కానుక కవరు ఇచ్చి, “మళ్ళీ ఒక్కసారి పాడతారా?” అంది. పిల్లలు అలిసిపోయి ఉన్నారు. ‘ఇక చాలు’ అని నేను అనబోతున్నాను. అప్పటికే డోలక్ మోగింది. ఆవిడకోసం నాలుగు పాటలు పాడారు. ఆ మర్నాటినుంచీ కళ్ళజోడు పిల్ల వారానికి రెండుసార్లు ఆవిడ దగ్గరికెళ్ళి కొడుకుతో వీడియోకాల్ కలిపి ఇచ్చేది. నాకు ఎవరూ చెప్పలేదు. మూడునెలల తరవాత నర్సమ్మగారే చెప్పారు.

2023 ఏప్రిల్ 9న ఈస్టరు. తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. అంతకుముందు రోజు సాయంత్రం పిల్లలు బకెట్లు, బ్రష్షులు పట్టుకుని సమాధులకి సున్నం వేశారు. ఎవరూ వచ్చి చూసుకోని సమాధులకి ముందు వెయ్యాలని వాళ్ళే నిర్ణయించుకున్నారు. డోలక్ కుర్రాడు మాత్రం వాళ్ళ నానమ్మ సమాధికి రెండు పూతలు వేశాడు. “మా నానమ్మకి తెల్లచీరంటే ఇష్టమండి” అన్నాడు. తల్లి గల్ఫులో పనికెళ్తే వాణ్ణి పెంచింది ఆవిడే. మర్నాడు చీకటితో కొవ్వొత్తులు వెలిగించినప్పుడు ఆ సమాధి మిగతావాటికన్నా తెల్లగా కనబడింది.

ఆ నెలాఖర్లో ఇంటర్ ఫలితాలొచ్చాయి.

ఫలితాల రోజులంటే మన రాష్ట్రాల్లో సంగతి మీకు తెలియనిది కాదు. ఆ వారం పొద్దున్నే పేపరు తెరవాలంటే గుండె దడ. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. డోలక్ కుర్రాడి తండ్రి. ఆటో నడుపుతాడు. “మాస్టారూ, మావోడు మీ ఇంటికొచ్చాడా అండి?” రాలేదన్నాను. “లెక్కలు పోయిందండి. నేను ఏమీ అన్లేదండి... రెండు మాటలన్నానండి. సాయంత్రం ఐదింటినుంచీ కనబడ్డంలేదు. ఫోను ఇంట్లోనే పెట్టెళ్ళిపోయాడు.”

పిల్లల వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టాను. ఒక్క నిమిషంలో సమాధానాలు. ఒకడు బస్టాండుకి, ఇద్దరు రైల్వేస్టేషనుకి, ఇంకొకడు కాలవగట్టుకి మోటారుసైకిళ్ళ మీద బయల్దేరారు. కాలవగట్టు అన్నమాట చదివేసరికి నా కాళ్ళు వణికాయి. అప్పుడు కళ్ళజోడు పిల్ల ఫోన్ చేసింది. “అంకుల్, సమాధుల తోట చూశారా? వాళ్ళ నానమ్మ అక్కడే కదా.”

మా ఇంటినుంచి తోట అరకిలోమీటరు. టార్చిలైటు పట్టుకుని నడిచాను. దారిపొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. కీర్తనల్లోంచి రెండు వచనాలు, గొప్పవాళ్ళు పరీక్షలు తప్పిన వైనం నాలుగు, జీవితం ఎంత విలువైనదో ఒక పేరా. తీరా గేటు తీసి లోపలికెళ్ళి, ఆ తెల్లటి సమాధిని ఆనుకుని మోకాళ్ళమీద తలపెట్టుకుని కూర్చున్న ఆకారం చూసేసరికి, కూర్చుకున్నదంతా ఎగిరిపోయింది. టార్చి ఆర్పేసి, పక్కన నేలమీద చతికిలబడ్డాను. నా మోకాళ్ళ నొప్పులకి నేలమీద కూర్చోవద్దని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది.

దొరికాడని వాళ్ళ నాన్నకి ఒక ముక్క మెసేజి కొట్టాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. కీచురాళ్ళు అరుస్తున్నాయి.

“పందొమ్మిది” అన్నాడు చివరికి. డెబ్భై అయిదుకి పందొమ్మిది. ఇరవై ఆరొస్తే పాసు.

“ఊఁ” అన్నాను.

“ప్రార్థన చేసుకునే రాశానంకుల్. చదివాను కూడా. నిజంగా చదివాను. మరి దేవుడు వినలేదా?”

“నాకు తెలియదురా” అన్నాను.

వాడు తల తిప్పి చూశాడు. ఆ చీకట్లో నాకు ఏం తోచిందో, నలభై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది. “నేనూ ఇంటర్ తప్పాను. 1975లో. లెక్కల్లోనే.”

“మీరా!”

“నేనే. సెప్టెంబర్లో మళ్ళీ కట్టి పాసయ్యాను.”

“ఎన్నొచ్చాయండీ?”

“పదకొండు.”

కాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత వాడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోననుకున్నాను. నవ్వుతున్నాడు! “పదకొండా అంకుల్? మీకన్నా నాకే ఎనిమిది ఎక్కువ!” అని, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు. వీపు నిమురుతూ కూర్చున్నాను. నానమ్మగారి సమాధి సున్నం ఇద్దరి చొక్కాలకీ అంటుకుంది.

అసలు ఆ తోటకి ఎందుకొచ్చాడో, అక్కణ్ణించి ఎక్కడికి వెళ్దామనుకున్నాడో నేనడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

గేటు బయట ఎనిమిది మంది పిల్లలు నిలబడి ఉన్నారు. లోపలికి ఒక్కరూ రాలేదు. మేము నడిచొస్తుంటే దారి కనబడేలా ఫోన్ల లైట్లు మాత్రం ఎత్తి పట్టుకున్నారు. ఎవరూ పరీక్ష మాట ఎత్తలేదు. గిటారు వాయించే పొడుగబ్బాయి, “డోలక్ తాళ్ళు లూజయ్యాయిరా. ఆదివారంలోపు నువ్వు బిగించకపోతే పాటలు లేవు” అన్నాడు. అంతే. ఇంతకన్నా మంచి ఓదార్పు నా తొమ్మిది పేజీల నోట్సులో లేదు. కాస్త వెనగ్గా ఆటో ఆగి ఉంది. తండ్రి దిగి వచ్చి కొడుకుని ఏమీ అనకుండా, వాడి చొక్కాకి అంటిన సున్నం దులుపుతూ నిలబడిపోయాడు.

సప్లిమెంటరీ పరీక్షలు మే నెలాఖర్లో. నెలరోజులు వాడు పొద్దున్నే ఆరింటికల్లా మా అరుగుమీద ఉండేవాడు. ఇంటిగ్రేషన్ దగ్గర వాడికి ఒక జబ్బు: జవాబు చివర ‘ప్లస్ సి’ రాయడం మర్చిపోతాడు. ఒక రోజు విసుగొచ్చి కసిరాను.

“ఆ సి అంటే ఎంత అంకుల్?” అన్నాడు.

“ఎంతో తెలియదు.”

“తెలియనప్పుడు ఎందుకు రాయాలండీ?”

“తెలియనిది ఒకటుందని ఒప్పుకుంటేనే జవాబు పూర్తవుతుంది. లేకపోతే తప్పు” అన్నాను. లెక్కల సంగతే చెప్పాను. చెప్పాక ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం. ఆ తరవాత వాడు ప్లస్ సి మర్చిపోలేదు. ముప్ఫై ఒకటి వచ్చాయి.

ఇక నా పదకొండు మార్కుల సంగతి. ఆ రహస్యాన్ని వాడు ఎవరికీ చెప్పలేదు. పదిహేడేళ్ళ కుర్రాడు, తోటివాళ్ళంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వుకోగల ఇలాంటి సంగతి కడుపులో దాచుకున్నాడంటే మామూలు మాట కాదు. వాడు దాచిన కొద్దీ నాకే సిగ్గేసింది. జూన్‌లో ఒక ఆదివారం, ఆరాధనలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. సాక్ష్యమంటే మా గుడిలో సాధారణంగా ఉద్యోగం వచ్చిందనో, ఆపరేషను జయప్రదమైందనో చెప్తారు. “నేను 1975లో ఇంటర్ లెక్కల్లో పదకొండు మార్కులతో తప్పాను. ఇన్నాళ్ళూ దాచాను. అందుకు సిగ్గుపడుతున్నాను. తప్పినందుకు కాదు” అని కూర్చున్నాను.

గుడంతా చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. ఆరాధన అయ్యాక చూడాలి సందడి! కోశాధికారి గారు నన్ను పక్కకి పిలిచి, పదోతరగతి తను రెండుసార్లు రాశానన్నారు. స్త్రీల సమాజం ప్రెసిడెంటు గారు టైపు పరీక్ష మూడోసారి పాసయ్యారట. పాస్టరు గారు గొంతు తగ్గించి, “సెమినరీలో గ్రీకు...” అని మొదలెట్టి, పిల్లలు వినడం చూసి, గొంతు పెంచి పూర్తిచేశారు. అప్పటిదాకా ఊళ్ళో తప్పినవాళ్ళు పిల్లలొక్కళ్ళేననుకునేవాళ్ళు మా పిల్లలు.

ఇంటికొచ్చాక, భయపడుతూ మా ఆవిడ ముఖంకేసి చూశాను. నలభయ్యేళ్ళ కాపురంలో ఆవిడ దగ్గర దాచిన సంగతి అదొక్కటే.

“నాకు తెలుసుగా” అంది, ఉల్లిపాయలు తరుగుతూ. “పెళ్ళిచూపులనాడే మీ నాన్నగారు మా నాన్నతో చెప్పారు. మావాడు ఒకసారి తప్పాడండీ, దాచకూడదు, అని.”

“మరి ఇన్నేళ్ళూ నాతో అనలేదేం?”

“మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నాను” అంది. కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయలవేనని ఇద్దరం ఒప్పుకున్నాం.

విజయవాడలో చిట్టీల వ్యాపారం చేసే మా బావమరిది ఈమధ్య వచ్చినప్పుడు, అరుగుమీద సంత చూసి, “దీంట్లో మీకేం మిగుల్తుంది బావగారూ?” అని అడిగాడు. ప్రతిదానికీ లెక్క కావాలి అతనికి. నేనూ లెక్కల మాస్టారినే గనక వేసి చూశాను. ఖర్చు కింద ఉల్లిపాయలు, శనగపిండి, నూనె, ఆదివారం మధ్యాహ్నపు నిద్ర. జమ కింద ఏముందీ? డోలక్ కుర్రాడు ఇప్పుడు డిగ్రీ చదువుతూ సండే స్కూల్లో చిన్నపిల్లలకి పాటలు నేర్పుతున్నాడు. కళ్ళజోడు పిల్ల నర్సింగులో చేరింది. ఎందుకో నర్సమ్మగారికి తెలుసు. మిగతావాళ్ళు మామూలుగానే ఉన్నారు. పోట్లాడుకుంటారు, ఆలస్యంగా వస్తారు, ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఫోను చూసుకుంటారు. ఎవరూ నాకు శాలువా కప్పలేదు. రాత్రిపూట మాత్రం అప్పుడప్పుడు ఫోను మోగుతుంది. “అంకుల్, ఖాళీయేనా?” అని. ఖాళీయే అంటాను. ఆ ఫోను రావడమే మిగులు. మా బావమరిది ఈ లెక్క ఒప్పుకోలేదు. ప్లస్ సి సంగతి అతనికి తెలియదు.

మొన్న మళ్ళీ కమిటీ మీటింగు జరిగింది. అదే గది, అదే ఫ్యాను, అవే మూడు గంటలు. చిట్టచివరి అంశం దగ్గర పాస్టరు గారు నాకేసి జాలిగా చూసి, “మాస్టారు చాలా శ్రమపడుతున్నారు. ఈ యువజన కూడిక బాధ్యత ఇక ఇంకెవరికైనా అప్పగిద్దామా?” అన్నారు.

ఈసారి నేను మేలుకునే ఉన్నాను. తల అడ్డంగా ఊపాను.